బి.కొత్తకోటలో అక్షరాలెన్ని?

పదం ఊహించే చిన్న ఆట రాయండి అని ఇంటర్వ్యూలో అడిగితే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. అసలు కథ స్ట్రింగ్ దగ్గర మొదలవుతుంది.

ఓ చిన్న ప్రశ్నతో మొదలెడదాం. పెన్నూ పేపరూ అక్కర్లేదు, వేళ్ల మీద లెక్కేసి చెప్పండి. ‘బి.కొత్తకోట’ అనే పేరులో అక్షరాలెన్ని? బి, కొ, త్త, కో, ట... అయిదు. మధ్యలో చుక్కను కూడా కలిపితే ఆరు. హార్సిలీ హిల్స్ ఉండే మండలం, మా ఊరు.

ఇదే పేరును పైథాన్‌కు ఇచ్చి పొడవెంత అని అడగండి. 11 అంటుంది. సీ భాషలో యూటీఎఫ్-8 రూపంలో దాచి అడిగితే 31 అంటుంది. మనం ఆరు అంటున్నాం. ముగ్గురిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ముగ్గురూ లెక్కపెట్టిన వస్తువులు వేరు. ఈ తేడా తెలియక నేనో ఉద్యోగం పోగొట్టుకున్నా. మీకు ఆ గతి పట్టకూడదనే ఈ వ్యాసం.

ఇరవై నిమిషాల ఆట

బీటెక్ అయిపోయిన ఏడాది బెంగళూరులో ఓ చిన్న కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. ముందురోజు రాత్రంతా గ్రాఫులు, ట్రీలు, డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటూ చదివి వెళ్లా. ఎదురుగా కూర్చున్నాయన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, ‘హ్యాంగ్‌మ్యాన్ ఆట తెలుసు కదా, ఇరవై నిమిషాల్లో రాయండి. పదాలు మీ ఇష్టం’ అన్నారు. లోపల నవ్వుకున్నా. కంప్యూటర్ ఒక పదం దాచుకుంటుంది, స్క్రీన్ మీద గీతలు కనిపిస్తాయి, మనం ఒక్కో అక్షరం ఊహిస్తాం. ఉంటే గీత స్థానంలో అక్షరం వస్తుంది. లేకపోతే ఒక ప్రాణం పోతుంది. స్కూల్లో నోటు పుస్తకం వెనక పేజీల్లో ఆడుకున్నదే.

పదాలుగా మావైపు ఊళ్ల పేర్లే ఇంగ్లీషులో ఇచ్చా: మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పది నిమిషాల్లో ముగించి ‘అయిపోయింది సార్’ అన్నా. ఆయన రన్ చేశారు. కంప్యూటర్ కుప్పాన్ని ఎంచుకుంది. ఆయన ‘పి’ కొట్టారు. ఆరు గీతల్లో ఒక్కదాంట్లో ‘పి’ వచ్చింది. రెండో ‘పి’ రాలేదు. మళ్లీ ‘పి’ కొడితే నా ప్రోగ్రామే ‘ఈ అక్షరం అయిపోయింది’ అంది. మిగతా అక్షరాలన్నీ సరిగ్గా కొట్టినా ఆ ఒక్క గీత అలాగే నిలబడిపోయింది. ఎవరూ గెలవలేని ఆట రాశానన్నమాట! ఆయన ఏమీ అనలేదు. ‘సరే, కబురు చేస్తాం’ అన్నారు. ఆ కబురు ఇప్పటికీ రాలేదు.

కుప్పంలో రెండో ‘పి’

తప్పు ఎక్కడ జరిగింది? అక్షరం ఎక్కడుందో వెతకడానికి నేను ‘ఫైండ్’ వాడా. ఫైండ్ చేసే పని ఒక్కటే. మొదటిసారి కనబడిన చోటు నంబరు చెప్పి ఆగిపోతుంది. కుప్పంలో కె, యు, పి, పి, ఎ, ఎం. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మొదటి ‘పి’ స్థానం 2. ఫైండ్ 2 అని చెప్పి వెళ్లిపోయింది. 3లో ఉన్న ‘పి’ గురించి దానికి పట్టదు. తమాషా ఏంటంటే, నేను ఏరికోరి పెట్టుకున్న మూడు పేర్లలోనూ ఇదే సమస్య ఉంది. మదనపల్లె స్పెల్లింగులో ‘ఎ’ నాలుగుసార్లు, ‘ఎల్’ రెండుసార్లు వస్తాయి. పుంగనూరులో ‘యు’, ‘ఎన్’ రెండేసి సార్లు. ఒక్కసారి వేళ్లమీద లెక్కపెట్టుకున్నా దొరికిపోయేది.

ఫైండ్‌తో ఇంకో రెండు గుంతలున్నాయి. అక్షరం దొరక్కపోతే అది -1 ఇస్తుంది. పైథాన్‌లో -1 అంటే ‘చివరి స్థానం’ అని కూడా అర్థం. చూసుకోకుండా ఆ నంబరుతో గీతను మార్చేస్తే, తప్పు అక్షరం వెళ్లి పదం చివర కూర్చుంటుంది. రెండోది, అక్షరం మొదట్లోనే ఉంటే జవాబు 0. ‘ఫైండ్ నిజమైతే’ అని నేరుగా షరతు రాస్తే పైథాన్ 0ని అబద్ధంగా, -1ని నిజంగా తీసుకుంటుంది. కుప్పంలో ‘కె’ లేదంటుంది, ‘జెడ్’ ఉందంటుంది!

సరైన దారి చాలా మామూలుది. పదంలో మొదటి స్థానం నుంచి చివరిదాకా ఒక లూప్ నడపండి. ప్రతి స్థానంలోనూ ఊహించిన అక్షరం ఉందా అని చూడండి. ఉన్న ప్రతిచోటా గీత తీసి అక్షరం పెట్టండి.

స్ట్రింగ్ మారదు, కొత్తది పుడుతుంది

గీతల వరుసను కూడా ఒక స్ట్రింగ్‌గా పెట్టుకుని, అందులో మూడో గీతను ‘పి’గా మార్చబోతే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. కారణం, పైథాన్‌లో స్ట్రింగ్ ఒకసారి తయారైతే మారదు. జావాలోనూ అంతే. రాతిమీద చెక్కిన శాసనం లాంటిది. ఒక అక్షరం మార్చాలంటే కొత్త రాయి మీద చెక్కాల్సిందే.

అందుకే గీతలను ఒక లిస్టులో పెట్టుకోండి. లిస్టులో ఏ స్థానాన్నైనా మార్చొచ్చు. స్క్రీన్ మీద చూపించేటప్పుడు ‘జాయిన్’తో కలిపి స్ట్రింగ్ చేయండి. జావాలో అయితే స్ట్రింగ్‌బిల్డర్ గానీ, క్యారెక్టర్ల ఎర్రే గానీ వాడతారు.

ఇదే సూత్రం ఇంకోచోట కూడా దెబ్బకొడుతుంది. ‘అప్పర్’ అని పిలిస్తే పదం పెద్ద అక్షరాల్లోకి మారిపోతుందని అనుకుంటాం. పాత స్ట్రింగ్ అలాగే ఉంటుంది, మారిన కొత్త స్ట్రింగ్ చేతికొస్తుంది. దాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకోకపోతే గాల్లో కలిసిపోతుంది. జావా వాళ్లకు మరో మాట. రెండు స్ట్రింగులు సమానమా అని చూడటానికి == వాడకండి. అది రెండూ మెమరీలో ఒకే వస్తువా అని చూస్తుంది. లోపలి అక్షరాలు పోల్చాలంటే ‘ఈక్వల్స్’ వాడాలి. మీ ల్యాప్‌టాప్‌లో == కొన్నిసార్లు సరైన జవాబే ఇస్తుంది, అదే అసలు ప్రమాదం.

అవతలివాళ్లు ఏం కొడతారో తెలీదు

మనం రాసిన ఆటను మనమే ఆడితే అన్నీ సరిగ్గానే పనిచేస్తాయి. ఎందుకంటే మనం బుద్ధిగా ఒక్క పెద్ద అక్షరం కొట్టి ఎంటర్ నొక్కుతాం. ఇంటర్వ్యూలో ఎదుటాయన అలా కొట్టరు. చిన్న ‘పి’ కొడతారు. ‘పి’ ముందు స్పేస్ కొడతారు. ‘5’ కొడతారు. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కుతారు.

ఈ చివరిది చాలామందికి తెలియని చిక్కు. పైథాన్‌లో ఖాళీ స్ట్రింగ్ ప్రతి స్ట్రింగ్‌లోనూ ఉన్నట్టే లెక్క. ‘ఊహించింది పదంలో ఉందా’ అని మాత్రమే అడిగితే, ఖాళీగా ఎంటర్ కొట్టినా ‘శభాష్, ఉంది’ అంటుంది. రెండు ‘పి’లు కలిపి కొట్టినా ‘ఉంది’ అంటుంది.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ముందు ‘స్ట్రిప్’తో అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేయండి. తర్వాత అప్పర్‌తో పెద్ద అక్షరం చేయండి. పొడవు ఒకటేనా చూడండి. అక్షరమేనా అని ‘ఈజ్ ఆల్ఫా’తో చూడండి. ఇంతకుముందు కొట్టిందేనా అని ఒక సెట్‌లో వెతకండి. అదే అయితే ప్రాణం తీయకుండా చెప్పి వదిలేయండి. ఇవన్నీ దాటాకే పదంలో వెతకండి.

మా ఊరి పేరు ఇంగ్లీషులో పెట్టినా ఒక చిక్కుంది. ‘బి’ తర్వాత చుక్కను కూడా గీతగా చూపిస్తే, చుక్కను ఎవరూ ఊహించలేరు. కొట్టినా ఈజ్ ఆల్ఫా ఒప్పుకోదు. ఆట మళ్లీ గెలవలేని ఆటే. స్పేస్, చుక్క, హైఫన్ లాంటివి ముందే కనిపించేలా పెట్టాలి.

‘వర్డిల్’ అడిగితే?

ఈమధ్య హ్యాంగ్‌మ్యాన్ బదులు వర్డిల్ రాయమనేవాళ్లూ ఉన్నారు. జోష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ తయారుచేసి 2021 అక్టోబరులో జనంలోకి వదిలిన ఆట ఇది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనేసింది. అయిదక్షరాల పదం ఊహించాలి. సరైన చోట ఉన్న అక్షరానికి ఆకుపచ్చ, వేరేచోట ఉంటే పసుపు, లేకపోతే బూడిద రంగు.

దాచిన పదం ‘మ్యాంగో’ అనుకోండి: ఎం, ఎ, ఎన్, జి, ఓ. మీరు ‘మాంబో’ కొట్టారు: ఎం, ఎ, ఎం, బి, ఓ. రెండో ‘ఎం’కు ఏ రంగు? ‘పదంలో ఎం ఉందా’ అని అడిగితే ఉంది కాబట్టి పసుపు వేసేస్తాం. తప్పు. దాచిన పదంలో ఉన్నది ఒక్క ‘ఎం’, అది మొదటి స్థానంలోనే లెక్కకు వచ్చేసింది. రెండోదానికి బూడిదే. దీనికి రెండు విడతలు కావాలి. మొదటి విడతలో ఆకుపచ్చలన్నీ తేల్చి, వాటిని లెక్కలోంచి తీసేయాలి. రెండో విడతలో మిగిలిన అక్షరాల లెక్క చూసి పసుపు పంచాలి. కుప్పంలో నన్ను పడేసిన రెండో అక్షరమే ఇక్కడా వేషం మార్చుకుని కూర్చుంది.

‘ఒక్కక్షరమే కదన్నా కొట్టింది!’

ఆ ఇంటర్వ్యూ తర్వాత ఇంటికొచ్చి పైన చెప్పినవన్నీ ఒక్కొక్కటే సరిచేశా. సంక్రాంతి సెలవుల్లో మా చిన్నాన్న కూతురు ఏడో తరగతి పుస్తకాలతో వచ్చింది. ‘అన్నా, ఈ ఆట తెలుగులో లేదా?’ అంది. పదాల జాబితాలో ఇంగ్లీషు బదులు తెలుగు పెడితే సరిపోతుంది కదా అనుకుని మా ఊరి పేరు పెట్టా.

స్క్రీన్ మీద పదకొండు గీతలొచ్చాయి. పిల్ల వేళ్లు లెక్కపెట్టుకుంటూ చూస్తోంది. ఇన్ని అక్షరాల ఊరు మనవైపు ఏదుందా అని. కాసేపాగి ‘కొ’ కొట్టింది. ప్రోగ్రాం ‘ఒక్క అక్షరమే కొట్టండి’ అంది. పిల్ల నా మొహం చూసి, ‘ఒక్కక్షరమే కదన్నా కొట్టింది!’ అంది. దానిదే కరెక్టు.

కథేంటంటే, యూనికోడ్ మన అక్షరాలను ముక్కలుగా దాస్తుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. ఆ పట్టికలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు అన్నిటికీ విడివిడిగా నంబర్లున్నాయి. ఒక్కో నంబరును కోడ్ పాయింట్ అంటారు. ‘కొ’కు సొంత నంబరు లేదు. క, దాని పక్కన ఒత్వం గుర్తు, రెండు కోడ్ పాయింట్లు. ‘త్త’కు త, పొల్లు, మళ్లీ త, మొత్తం మూడు. వత్తులకు కూడా విడిగా నంబర్లు లేవు. పొల్లు తర్వాత హల్లు వస్తే ఫాంటు దాన్ని వత్తుగా గీస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. బి 2, చుక్క 1, కొ 2, త్త 3, కో 2, ట 1. మొత్తం 11. పైథాన్ చెప్పింది ఇదే. జావా, జావాస్క్రిప్ట్ కూడా ఇంతే చెబుతాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు మూడు బైట్లు, చుక్కకు ఒకటి. పది మూళ్లు ముప్ఫై, ఒకటి. సీ చెప్పిన 31 అదే.

పొడవు ఒకటేనా అన్న పరీక్ష ‘కొ’ను ఎందుకు ఆపిందో తెలిసింది కదా. అది తీసేసినా ఈజ్ ఆల్ఫా దగ్గర మళ్లీ ఆగుతుంది. గుణింతపు గుర్తులను పైథాన్ అక్షరాలుగా లెక్కించదు, అక్షరానికి అంటుకునే గుర్తులుగానే చూస్తుంది. ఇంగ్లీషు ఆటను కాపాడిన రెండు తనిఖీలూ తెలుగు పిల్లను గుమ్మంలోనే ఆపేశాయి.

వికటకవి ఫెయిలయ్యాడు

ఫ్రెషర్లను తరచూ అడిగే ప్రశ్న, ఒక పదం అటు చదివినా ఇటు చదివినా ఒకటేనా చూడమని. స్ట్రింగ్‌ను తిరగేసి, మొదటిదానితో పోలిస్తే చాలు. మన తెలుగువాళ్లకు దీనికి ఉదాహరణ ఎవరూ చెప్పక్కర్లేదు. తెనాలి రామకృష్ణుడి కథ విన్న ప్రతి ఒక్కరికీ ‘వికటకవి’ తెలుసు.

అదే పదం మీ ప్రోగ్రాంకు ఇచ్చి చూడండి. ‘కాదు’ అంటుంది. వి అంటే వ, దాని తర్వాత గుడి. తిరగేస్తే గుడి ముందుకొస్తుంది, వ వెనక్కి పోతుంది. పదం మొదట్లో ఏ హల్లూ లేని గుడి గాల్లో వేలాడుతుంది. అక్షరాల్లో చూస్తే వి, క, ట, క, వి. కోడ్ పాయింట్లలో చూస్తే ఏడు ముక్కలు, ఆ వరుస తిప్పితే ఒకటి కాదు.

అక్షరాలుగా విడగొట్టండి

పరిష్కారం పెద్దదేమీ కాదు. పదాన్ని కోడ్ పాయింట్లుగా ఎడమ నుంచి కుడికి చదవండి. వచ్చింది గుణింతపు గుర్తో, సున్నానో, పొల్లో అయితే వెనక ఉన్న అక్షరానికి అంటించండి. వెనకున్న కోడ్ పాయింట్ పొల్లు అయితే, ఇప్పుడు వచ్చిన హల్లును కూడా దానికే అంటించండి. ఈ రెండూ కాకపోతే కొత్త అక్షరం మొదలుపెట్టండి. పైథాన్‌లో యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ ఏ కోడ్ పాయింట్ ఏ వర్గందో చెబుతుంది. ఆ వర్గం పేరు ‘ఎం’తో మొదలైతే అది అంటుకునే గుర్తు.

కొత్తకోట మీద నడిపి చూడండి. క కొత్త అక్షరం, ఒత్వం దానికి అంటింది. త కొత్తది, పొల్లు అంటింది, పొల్లు తర్వాత వచ్చిన త కూడా అంటింది. క కొత్తది, ఓత్వం అంటింది. ట కొత్తది. కొ, త్త, కో, ట. ఈ లిస్టు చేతికొచ్చాక గీతలు సరిగ్గా వస్తాయి, తిరగేస్తే వికటకవి కూడా పాసవుతాడు.

రెడీమేడ్ లైబ్రరీలు కూడా ఉన్నాయి. అయితే ఒక జాగ్రత్త. తెలుగు లాంటి లిపుల్లో వత్తున్న అక్షరాన్ని పొల్లు దగ్గర విరగ్గొట్టకూడదనే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో చేరింది. అంతకుముందు వెర్షన్ల మీద నడిచే లైబ్రరీ ‘త్త’ను రెండుగా లెక్కపెట్టొచ్చు. ఏది వాడినా ముందు ‘త్త’ ఇచ్చి పరీక్షించండి.

ఇంకా రెండు కంటికి కనపడని దొంగలున్నారు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట్ కింద వ వత్తుగా పడిపోకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతాం. అది పదం చివర మిగిలిపోతే రెండు పదాలు చూడ్డానికి ఒకటే, పోలిస్తే వేరు. స్ట్రిప్ దాన్ని ఖాళీగా గుర్తించదు కాబట్టి వదిలేస్తుంది. చివర మిగిలినదాన్ని మీరే తీసేయాలి. రెండోది ఐత్వం. ‘మై’లోని ఐత్వానికి సొంత నంబరుంది. అదే ఎత్వం, దాని కింది గుర్తు కలిపి రెండు ముక్కలుగా కూడా రావొచ్చు. పోల్చేముందు యూనికోడ్‌డేటాలోని ‘నార్మలైజ్’తో రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చుకోండి.

ఇక ఊహించేది ఏంటన్నది మీరు తేల్చుకోవాలి. ఇంగ్లీషులో 26 అక్షరాలు. మనకు గుణింతాలు, వత్తులు కలిపితే అక్షరాల లెక్క వేలల్లోకి పోతుంది. పిల్లలు ‘కొ’ అని కచ్చితంగా ఊహించడం కష్టం. నేను చివరికి హల్లు ఊహిస్తే చాలన్నా. ‘క’ కొడితే కొ, కో రెండూ తెరుచుకుంటాయి. మా చెల్లి నాలుగు ప్రయత్నాల్లో ఊరి పేరు పట్టేసింది.

ఆఫీసులో దీంతో పనేంటి?

‘తెలుగులో ఎవరు ఆడతారన్నా, మాకు ఉద్యోగం కావాలి’ అంటారేమో. ఒక ఫారంలో ఊరి పేరుకు 30 బైట్లే ఇచ్చారనుకోండి. బి.కొత్తకోటకు 31 కావాలి. 30 దగ్గర కోస్తే ‘ట’లో మూడో బైటు తెగుతుంది, చివర్లో ప్రశ్నార్థకం ఉన్న నల్ల వజ్రం గుర్తు మిగులుతుంది. మా ఊరు ‘బి.కొత్తకో’ అయిపోతుంది. ఒక ఎస్సెమ్మెస్‌లో మామూలు ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే, తెలుగులో రాస్తే 70 కోడ్ పాయింట్లే పడతాయి. సందేశం రెండు ముక్కలైతే ఖర్చూ పెరుగుతుంది. పేర్లు, చిరునామాలు, వెతుకులాట, సందేశాలు ఉన్న ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ లెక్కలుంటాయి. ఇవి తెలిసినవాళ్లను టీమ్‌లో వదులుకోరు.

ఏడాదిన్నర తర్వాత ఇంకో ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అంటే ఈ ఆట చూపించా. ముప్పావు గంట దీని మీదే మాట్లాడుకున్నాం. గ్రాఫులు, ట్రీల దాకా పోనేలేదు. ఉద్యోగం వచ్చింది.

ఈ వారం చేయండి

మొదటి రెండు రోజులు ఇంగ్లీషులో హ్యాంగ్‌మ్యాన్ రాయండి. మూడో రోజు దాన్ని విరగ్గొట్టడానికే ప్రయత్నించండి. ఖాళీ ఎంటర్, స్పేస్, చిన్న అక్షరం, అంకె, రెండక్షరాలు, కొట్టిందే మళ్లీ కొట్టడం, రెండుసార్లు వచ్చే అక్షరం, మొదట్లో ఉండే అక్షరం, అసలు లేని అక్షరం, మధ్యలో చుక్కున్న పదం. ఈ పది పరీక్షలూ ఒక ఫైల్లో రాసిపెట్టుకోండి. నాలుగు, అయిదు రోజుల్లో తెలుగు అక్షరాలు విడగొట్టే ఫంక్షన్ రాయండి. కుప్పానికి 2, పుంగనూరుకు 4, మదనపల్లెకు 5 రావాలి. పైథాన్ పొడవు మాత్రం 6, 8, 8 చూపిస్తుంది. ఆరో రోజు గిట్‌హబ్‌లో పెట్టి, ఏ తప్పు ఎలా దిద్దారో నాలుగు వాక్యాలు రాయండి. ఏడో రోజు ఇంట్లో చిన్నపిల్లల చేతికివ్వండి. వాళ్లను మించిన టెస్టర్ దొరకరు.

అన్నట్టు, ముందు మీ ఊరి పేరు తీసుకోండి. అక్షరాలెన్ని, కోడ్ పాయింట్లెన్ని, బైట్లెన్ని? మూడూ కాగితం మీద రాసుకున్నాకే ల్యాప్‌టాప్ తెరవండి.